పన్నెండేళ్ల నాటి గుమ్మడి గింజలు మొలిచిన తీరు: పర్లాకిమిడి నర్సరీ నుంచి ఒక కేస్ స్టడీ

2023 అక్టోబరు చివర్లో మా ఊరి రిటైర్డ్ మాస్టారు ఒకరు నర్సరీకి రెండు రకాల నిల్వలో ఉన్న గుమ్మడి గింజలు తెచ్చారు. నిజానికి రెండూ ఒకే పొట్లంలోవి. 2011లో ఆయన అల్లుడు కెనడా నుంచి వస్తూ తెచ్చిన అట్లాంటిక్ జెయింట్ గింజలవి. కొన్ని గింజలు ఆ కాగితం పొట్లంలోనే స్టీలు బీరువాలో ఉండిపోయాయి. మిగతావాటిని మాస్టారి భార్య, బాగా వేయించి చల్లార్చిన బియ్యం అడుగున పోసిన గాజు సీసాలో వేసి, మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టారు. 2018లో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు రోజుల తరబడి కరెంటు లేక ఫ్రిజ్ ఆగిపోయింది. కానీ ఆమె ఆ సీసా మూత మాత్రం తీయనివ్వలేదు.

"ఏటి బాబూ, ఇవింకా మొలుస్తాయంటావా?" అన్నారు మాస్టారు.

"బీరువాలోవి కష్టం మాస్టారూ. సీసాలోవి మొలవాలి. రెండూ వదిలేసి వెళ్లండి" అన్నాను.

నర్సరీ నడిపేవాళ్లకు ఇలాంటి కేసు మళ్లీ మళ్లీ దొరకదు. ఒకే కంపెనీ, ఒకే పొట్లం, ఒకే వయసు. తేడా అంతా దాచిన పద్ధతిలోనే ఉంది. అందుకే చేసిన పని మొత్తం రాసి పెట్టుకున్నాను. గింజలు తక్కువే కాబట్టి వీటిని పట్టుకుని ఇంత శాతం మొలుస్తాయని సూత్రం కట్టలేం. అయినా పాత గింజ ఎందుకు చస్తుందో, ఎలా బతుకుతుందో ఈ కేసులో బాగా కనిపించింది.

ముందుగా ఒక జాగ్రత్త. విదేశాల నుంచి విత్తనాలు తెచ్చుకోవాలంటే 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం అనుమతి, ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి. వైరస్ తెగుళ్లు కొన్ని గింజ ద్వారానే వస్తాయి. ఇప్పుడు ఎవరైనా అమెరికా నుంచి వస్తూ సూట్‌కేసులో గింజలు పట్టుకొస్తానంటే నేను వద్దనే చెబుతాను.

ఇక రకం గురించి. అట్లాంటిక్ జెయింట్‌ని కెనడాలోని నోవాస్కోషియా రైతు హోవర్డ్ డిల్ ఏళ్ల తరబడి ఎంపిక చేసి తయారుచేశాడు. ఇది కుకుర్బిటా మాక్సిమా జాతి. 2025లో ఇంగ్లండ్‌లో పేటన్ అన్నదమ్ములు 1,278 కేజీల కాయతో ప్రపంచ రికార్డు కొట్టారు. అదీ ఈ వంశం నుంచి వచ్చిందే. ఈ కాయలు పెంచేవాళ్లు మంచి కాయలోని గింజలకు కాయ బరువు, పెంచిన మనిషి ఇంటిపేరు, పండించిన సంవత్సరం కలిపి పేరు పెడతారు. ఒక కాయ గింజలు అయిపోతే ఆ కలయిక మళ్లీ దొరకదు. అందుకే పదేళ్లు దాటిన గింజను కూడా పారేయకుండా మొలిపించడానికి అంత తంటాలు పడతారు. మన దగ్గర సంతలో దొరికే తియ్య గుమ్మడి, ఒడియావాళ్లు కఖారు అనేది, చాలావరకు మోస్కాటా జాతి. తొడిమ చూస్తే తేడా తెలుస్తుంది. మోస్కాటా తొడిమ గట్టిగా, ఐదు పలకలుగా ఉండి కాయ దగ్గర వెడల్పవుతుంది. మాక్సిమా తొడిమ గుండ్రంగా, బెండులా మెత్తగా ఉంటుంది. నేను ఇక్కడ రాసే మొలక పద్ధతి మాత్రం రెండింటికీ పనిచేస్తుంది.

పాత గింజలో ఏం జరుగుతుంది

గుమ్మడి పప్పులో దాదాపు సగం నూనే. ఏళ్లు గడిచేకొద్దీ ఆ నూనె గాలితో కలిసి చెడుతుంది, కణాల చుట్టూ ఉండే పొరలు బలహీనపడతాయి. వేడి, తేమ ఎక్కువైతే ఈ పని తొందరగా జరుగుతుంది. విత్తన శాస్త్రవేత్త హారింగ్టన్ చెప్పిన లెక్క నర్సరీవాళ్లందరికీ తెలిసి ఉండాలి: గింజలో తేమ ఒక శాతం తగ్గితే ఆయుష్షు రెట్టింపు, నిల్వ చేసిన చోట వేడి 5 డిగ్రీల సెల్సియస్ తగ్గితే మళ్లీ రెట్టింపు. ఇంకో మోటు లెక్క కూడా ఉంది. ఫారన్‌హీట్‌లో వేడి, గాలిలో తేమ శాతం కలిపితే 100 దాటకూడదు. మా పర్లాకిమిడిలో వానాకాలం గదిలో 30 డిగ్రీల సెల్సియస్ అంటే 86 ఫారన్‌హీట్, తేమ 80 శాతం. కలిపితే 166. బీరువాలోని గింజలు ఇలాంటి వానాకాలాలు పన్నెండు చూశాయి. సీసాలోవి ఒక్కటి కూడా చూడలేదు. కరెంటు పోయినప్పుడు వేడెక్కాయి కానీ తడి తగల్లేదు. ఆ ఇల్లాలు మూత తీయకపోవడమే వాటిని కాపాడిందని నా గట్టి నమ్మకం.

మామూలుగా గుమ్మడి గింజ నాలుగైదేళ్లు బాగా మొలుస్తుంది. ఆ తర్వాత ఒక్కరోజున చచ్చిపోదు, కొంచెం కొంచెంగా సత్తువ పోతుంది. ముందు మొలక ఆలస్యమవుతుంది, తర్వాత వంకర మొలకలు వస్తాయి, ఆఖరికి రావడం మానేస్తాయి. మధ్యదశలో ఉన్న గింజనే మనం కాపాడగలం.

అలాంటి గింజను చాలామంది చేజేతులా చంపేది నీళ్లతోనే. రాత్రంతా గ్లాసుడు నీళ్లలో నానబెడతారు. కొత్త గింజ తట్టుకుంటుంది. పాత గింజలో పొరలు బలహీనంగా ఉంటాయి కాబట్టి నీరు ఒక్కసారిగా చొరబడితే అవి చిరిగి, లోపలి చక్కెరలు, లవణాలు బయటికి కారిపోతాయి. నానబెట్టిన నీళ్లు మసకబారి జిగురుగా, కమురు వాసనగా ఉన్నాయంటే జరిగిందదే. ఆ చక్కెరల మీదే బూజు పెరుగుతుంది. రోజుల తరబడి పస్తున్న మనిషికి ముందు గంజి పట్టినట్టు, పాత గింజకు తేమను కొంచెం కొంచెంగా అందించాలి. ఈ కేసులో నేను చేసినదాంట్లో అన్నిటికన్నా ముఖ్యం ఇదే.

గింజల పరీక్ష

బీరువా పొట్లంలో 16 గింజలు, సీసాలో 11 ఉన్నాయి. నీళ్లలో వేసి తేలినవి తీసేయడం గుమ్మడికి పనికిరాదు. పెంకుకీ పప్పుకీ మధ్య గాలి ఉంటుంది కాబట్టి మంచి గింజ కూడా తేలుతుంది. వేళ్ల మధ్య పెట్టి నెమ్మదిగా నొక్కి చూశాను. బీరువావాటిలో రెండు మెత్తగా దిగిపోయాయి. కోసి చూస్తే పప్పు పసుపు తిరిగి, ముక్కిపోయిన వాసన వస్తోంది. వాటిని తీసేశాను. మిగిలిన 14, సీసాలోని 11 గట్టిగానే ఉన్నాయి. సీసా గింజల పెంకు తెల్లగా నిగనిగలాడుతోంది, బీరువావి మాత్రం చామనఛాయకు తిరిగాయి.

అన్నీ ఒకేసారి వేయలేదు. దొరకని విత్తనం ఎవరు తెచ్చినా నేను మొదట చెప్పే మాట అదే. ఒక రాత్రి కరెంటు పోయినా, ఒక బల్బు మాడిపోయినా మొత్తం వంశం పోతుంది. మొదటి విడతకి బీరువావి ఆరు, సీసావి నాలుగు తీసుకున్నాను.

మొదటి విడత

హైడ్రోజన్ పెరాక్సైడ్ మందుల షాపులో దొరుకుతుంది. మామూలుగా అమ్మేది 6 శాతం ద్రావణం. ఒక వంతుకు ఐదు వంతుల కాచి చల్లార్చిన నీళ్లు కలిపి, గింజలను అందులో పది నిమిషాలు ఉంచి, మంచి నీళ్లతో కడిగి ఆరబెట్టాను. పెంకు మీది బూజు విత్తులు చాలావరకు పోతాయి.

తర్వాత పెంకు అరగదీయడం. గోళ్లు అరగదీసే ఆకురాయి గానీ సన్న రకం శాండ్ పేపర్ గానీ చాలు. గింజ పొడవు అంచులు రెండింటినీ, లోపలి రంగు కొంచెం మారేదాకా మెల్లిగా రుద్దాలి. సూదిగా ఉండే కొసను మాత్రం ముట్టుకోకూడదు. వేరు మొన సరిగ్గా దాని వెనకే ఉంటుంది. దీనివల్ల చచ్చిన గింజ బతకదు. బలహీనమైన మొలకకు పెంకు విప్పుకునే శ్రమ తగ్గుతుంది, అంతే. రాక్షస గుమ్మడి పెంకు మన గుమ్మడి పెంకు కన్నా మందం, అందుకే వీటికి ఈ పని తప్పనిసరి.

ఇక తేమ. మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా అడుగున తడి గుడ్డ పరిచి, దానికి తగలకుండా పైన టీ వడకట్టే జల్లెడ బోర్లించి, దాని మీద గింజలు పెట్టి మూత వేశాను. ఒక పగలూ ఒక రాత్రీ అలా ఉంచితే గింజ నీళ్లు తాగదు, గాలిలోని తేమనే పీల్చుకుంటుంది. ఆ తర్వాతే తడి కాగితంలోకి మార్చాను. ఆ కాగితం కూడా పిండితే చుక్క రాలకూడదు. వేలితో నొక్కితే వేలు చల్లగా అనిపించాలి కానీ చుట్టూ నీటి మరక కనిపించకూడదు. కాగితం మడతలో గింజలు పెట్టి, జిప్ కవర్‌లో కొంచెం గాలి ఉంచి మూశాను. పొద్దున, సాయంత్రం కవర్ తెరిచి గాలి మార్చాలి. మొలిచే గింజకు ఊపిరి కావాలి. నీళ్లలో మునిగిన గింజకు ఆ ఊపిరే అందదు.

వేడి 30 డిగ్రీల దగ్గర నిలకడగా ఉండాలి. 29 నుంచి 32 దాకా పర్వాలేదు. మా వైపు కార్తీక మాసం వచ్చేసరికి పగలు వెచ్చగానే ఉంటుంది, రాత్రి మాత్రం మహేంద్రగిరి వైపు నుంచి చలిగాలి దిగుతుంది. ఈ హెచ్చుతగ్గులే పాత గింజకు దెబ్బ. చేపల మార్కెట్‌లో దొరికే థర్మోకోల్ పెట్టెను బ్లీచింగ్ నీళ్లతో కడిగి ఎండబెట్టి, లోపల ఒక మూల చిన్న పాతకాలపు ఫిలమెంట్ బల్బు పెట్టాను. ఎల్‌ఈడీ బల్బు చాలినంత వేడి ఇవ్వదు కాబట్టి పనికిరాదు. బల్బు మీద పగిలిన మట్టి పిడత బోర్లిస్తే వేడి సమంగా పాకుతుంది, వెలుతురూ గింజలకు తగలదు. కోడిగుడ్లు పొదిగించే పెట్టెలకు వాడే చిన్న థర్మోస్టాట్ తగిలించి 30కి సెట్ చేశాను. థర్మామీటర్‌ను గింజల పక్కనే పెట్టాలి, బల్బు దగ్గర కాదు.

సీసా గింజలు నాలుగింటిలో మొదటిది ఐదో రోజున వేరు చూపింది. ఆ తర్వాత మరో రెండు వచ్చాయి. కొత్త గింజ ఇదే వేడిలో రెండు మూడు రోజుల్లో వస్తుంది, కాబట్టి ఆలస్యం ఉన్నా ఆరోగ్యంగానే ఉన్నాయి. నాలుగోది ఉబ్బి ఆగిపోయింది. బీరువావి ఆరింటిలో ఒక్కటీ తెరుచుకోలేదు. మూడింటి పెంకు అంచున బూజు వచ్చింది. విప్పి చూస్తే రెండు పూర్తిగా కుళ్లిపోయాయి. ఒకదాని పప్పు మాత్రం ఇంకా గట్టిగా, లేత ఆకుపచ్చగా ఉంది, కానీ దాని వేరు మొన గోధుమరంగు తిరిగి చచ్చిపోయింది. అంటే ఆ గింజ మొలవడానికి ప్రయత్నించింది, పెంకు దాటలేకపోయింది. రెండో విడత ఎలా చేయాలో ఆ గింజే చెప్పింది.

రెండో విడత: పెంకు, పొర తీయడం

గుమ్మడి గింజలో గట్టి పెంకు కింద, పప్పును అంటిపెట్టుకుని బూడిద పచ్చ రంగులో పలచటి పొర ఉంటుంది. గుమ్మడి పప్పు ఒలిచి తినేవాళ్లందరికీ తెలిసిన పొరే. గాలి లోపలికి పోకుండా అడ్డుకునేది ఎక్కువగా ఇదే. బలమైన మొలక దాన్ని చీల్చుకుని వస్తుంది. పాత మొలకకు ఆ శక్తి ఉండదు.

బీరువావి మిగిలిన ఎనిమిదింటికి, సీసావి ఇంకో నాలుగింటికి మళ్లీ కడగడం, తేమ గాలి పట్టించడం అంతా అలాగే చేసి తడి కాగితంలో పెట్టాను. నాలుగో రోజుకి కదలిక లేని గింజలను బయటికి తీశాను. సీసావాటిలో రెండు అప్పటికే వాటంతటవే వచ్చేశాయి, వాటి జోలికి పోలేదు. మిగతావాటికి పెంకు వలిచాను. చేతులు సబ్బుతో కడుక్కుని, గోళ్లు కత్తిరించే సాధనంతో వెడల్పు కొస వైపు నుంచి అంచును చిన్న చిన్న ముక్కలుగా నొక్కుతూ పోతే పెంకు రెండు చిప్పలుగా విడిపోతుంది. సూది కొస దగ్గర చివరిదాకా ఆగి, వేలితోనే విడదీయాలి. అప్పటికే తేమ పట్టి ఉంటుంది కాబట్టి లోపలి పొర పట్టకారుతో సులువుగా జారి వస్తుంది. పొడి గింజ మీద ఈ పని చేస్తే పప్పు విరుగుతుంది.

వలిచిన పప్పుకు కాపలా ఎవరూ లేరు. కాగితం రోజూ మార్చాలి, కాచి చల్లార్చిన నీళ్లే వాడాలి. కాప్టాన్ అనే బూజు మందు పొడిని చాలా పలచగా నీళ్లలో కలిపి ఆ నీళ్లతోనే కాగితం తడిపాను. చేతికి గ్లవ్స్ వేసుకుని, పిల్లలకు అందనిచోట చేయాల్సిన పని ఇది. పప్పు అంచున గోధుమ మచ్చ కనిపిస్తే మరిగే నీళ్లలో ముంచిన బ్లేడుతో ఆ ముక్క వరకు కోసేశాను. పప్పు రెండు బద్దలే మొలక తొలి ఆకులవుతాయి, తిండి అంతా వాటిలోనే ఉంటుంది. కాబట్టి ఎంత తక్కువ కోస్తే అంత మంచిది.

సీసావాటిలో వలిచిన రెండింటిలో ఒకటి మరుసటి రోజే పచ్చబడి వేరు వేసింది. బీరువావి ఎనిమిదిలో రెండు, తొమ్మిదో రోజు దాటాక కదిలాయి. అందులో ఒకదానికి వేరు వచ్చింది గానీ మధ్యలో చిగురు లేదు. బద్దలు విచ్చుకుని, కొన్నాళ్లు పచ్చగా ఉండి, అక్కడితో ఆగిపోయింది. పాత గింజల్లో ఇలాంటి గుడ్డి మొలకలు మామూలే. రెండోది మొక్క అయింది.

మొత్తం మీద సీసావి ఎనిమిది వేస్తే ఆరు మొలిచాయి, బీరువావి పద్నాలుగు వేస్తే ఒక్క మొక్క దక్కింది.

జిబ్బరెలిక్ ఆమ్లం అనే మొక్కల హార్మోను గురించి చాలామంది అడుగుతారు. పురుగుమందుల షాపులో పలచటి ద్రావణం దొరుకుతుంది. ఈ కేసులో నేను వాడలేదు. అది నిద్రలో ఉన్న గింజను లేపడానికి పనికొస్తుంది. ముసలి గింజ నిద్రపోవడం లేదు, దానికి సత్తువ లేదు. పైగా మందు ఎక్కువైతే మొలక సన్నగా సాగి, మెడ విరిగిపోతుంది. పెంకు వలవడం వల్ల వచ్చే లాభం ముందు దాని లాభం తక్కువ.

మొలక నుంచి మొక్క దాకా

వేరు సెంటీమీటరు దాటగానే కుండీలోకి మార్చాను. మరిగే నీళ్లు పోసి చల్లార్చి పిండిన కోకోపీట్ (కొబ్బరి పొట్టు) మూడు వంతులు, జల్లెడ పట్టిన వర్మీకంపోస్ట్ ఒక వంతు. గింజను నిలువుగా గుచ్చకుండా పక్కకు పడుకోబెట్టాలి. మొలక మెడ దగ్గర చిన్న బొడిపె ఒకటి పెరుగుతుంది. గింజ అడ్డంగా ఉంటే ఆ బొడిపె కింది పెంకును తొక్కిపట్టుకుంటుంది, బద్దలు పెంకు విడిచి పైకి వస్తాయి. పాత గింజల్లో ఈ పని సరిగా జరగక పెంకు టోపీ నెత్తిమీదే ఉండిపోతుంది. అలా ఉంటే దాన్ని లాగొద్దు. తడి దూది చుట్టి గంటసేపు ఉంచితే మెత్తబడి జారుతుంది.

మట్టి పైకి వచ్చిన రోజు నుంచి వేడి అంత అక్కర్లేదు, వెలుతురు కావాలి. పెట్టెలో ఇంకో రోజు ఉంచినా మొక్క తీగలా సాగిపోతుంది. నీళ్లు అంచు నుంచి మాత్రమే పోశాను. నారుకుళ్లు ముసలి గింజ మొలకలను ముందు పట్టుకుంటుంది కాబట్టి తెగులు బూజును అణిచే మేలు చేసే బూజు ట్రైకోడెర్మా కలిపిన కంపోస్టు పైన పలచగా చల్లి, చిన్న ఫ్యాన్ గాలి తగిలేలా పెట్టాను. మూడో ఆకు వచ్చేదాకా ఎరువు వేయలేదు. గుమ్మడి ఆకులు తినే పెంకు పురుగు ఒక్క పూటలో బద్దలు జల్లెడ చేస్తుంది, అందుకని దోమతెర తప్పదు.

ఏడు మొక్కల్లో నాలుగు మాస్టారి పెరట్లో, మూడు ఆర్.ఉదయగిరి వైపు కొండ మీద ఆయన బంధువుల చేలో నాటారు. అది చల్లటి చోటు. ఈ రకానికి రాత్రి చలి కావాలి, 35 డిగ్రీలు దాటితే పిందె నిలవదు. పల్లంలో నాటాలనుకుంటే వానలు వెనక్కి పోయాక అక్టోబరు, నవంబరే తగిన సమయం. ఉగాదికి కాయ కోసేయాలి. కొండ మీది తీగల్లో ఒకటి ముప్పై కేజీల పైచిలుకు కాయ ఇచ్చింది. కెనడా లెక్కల ముందు అది చిన్నదే. మాస్టారి భార్యకు మాత్రం దాని బరువుతో పని లేదు, గింజలతోనే పని. ఆమె ఆలోచనే సరైనదని నేను అనుకుంటాను.

గింజ కోసం పరాగ సంపర్కం చేతితోనే చేయించాను. ముందురోజు సాయంత్రం, మర్నాడు విచ్చుకోబోయే ఆడపువ్వుకీ వేరే తీగ మీది మగపువ్వుకీ దారం కట్టించాను. తెల్లవారగానే మగపువ్వు రేకులు తీసేసి ఆడపువ్వు లోపల మెల్లిగా రుద్ది, మళ్లీ కట్టేయాలి. ఎండ ఎక్కితే పుప్పొడి పనిచేయదు. కాయ కోశాక మూడు వారాలు నీడలో మగ్గనిచ్చి గింజ తీశారు. కడిగి, ఎండలో కాకుండా ఫ్యాను కింద, వంచితే పుటుక్కున విరిగేదాకా ఆరబెట్టారు.

మా వైపు పాత ఇళ్లలో గింజలకు బూడిద పట్టించి, లేదా పేడలో ఒత్తి గోడకు అంటించి దాచేవారు. ఒక పంట నుంచి మరో పంటకు అది చాలా మంచి పద్ధతి, పురుగు ముట్టదు. ఏళ్ల తరబడి దాచాలంటే మాత్రం గాలి చొరబడని సీసా, వేయించిన బియ్యం, ఫ్రిజ్. సీసా బయటికి తీసినప్పుడు గది వేడికి వచ్చేదాకా మూత తీయొద్దు. తీస్తే గింజల మీద చెమట పడుతుంది, ఇన్నేళ్లు కాపాడిన పొడితనం పోతుంది.

కొత్త గింజలను మూడు సీసాల్లో పోసి, కాయ వివరం, 2024 అని రాసి, ఒకటి మాస్టారింట్లో, ఒకటి కొండ మీది బంధువుల దగ్గర, ఒకటి నర్సరీలో ఉంచాం. ఏటా అక్టోబరులో నర్సరీ సీసా నుంచి ఐదు గింజలు తీసి మొలక చూస్తున్నాను. మూడింటి కన్నా తక్కువ మొలిస్తే ఆ ఏడే మళ్లీ పంట వేసి విత్తనం మార్చాలని అనుకున్నాం. 2011 నాటి గింజలు ఇంకా మూడు ఉన్నాయి, వాటిని ఆ పాత సీసాలోనే ఉంచాం.